కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024-25: గేట్ల దాకా ఫైబర్ వేసుకున్నాం

సభ్యులందరికీ నమస్కారం. ఈ నివేదికను ఆదివారం సర్వసభ్య సమావేశంలో చదవాలి. కిందటిసారి నేను మైకు అందుకునేసరికే సగం కుర్చీలు ఖాళీ అయిపోయాయి కాబట్టి ఈసారి ముందే గ్రూపులో పెడుతున్నాను. చదివి రండి, అడగాల్సినవి అక్కడ అడగండి.

మామూలు కార్యక్రమాలన్నీ జరిగాయి. ఉగాది పంచాంగ శ్రవణం, ఆగస్టు పదిహేను జెండా, మట్టి వినాయకుడు, షుగరు-బీపీ పరీక్షల శిబిరం, వానలకి ముందు కాలువల పూడికతీత, అన్నీ. ప్రసాదాలు వండిపెట్టిన రెండో వీధి ఆడపడుచులకీ, శిబిరానికి ఆదివారం వదులుకుని వచ్చిన డాక్టరమ్మ గారికీ, హాలుకి రంగులు వేయించిన మేష్టారికీ, ఎప్పుడు పిలిచినా కాదనకుండా వచ్చిన వాచ్‌మెన్‌లకీ సంఘం తరఫున పేరుపేరునా కృతజ్ఞతలు. వీటి ఫొటోలు మీ అందరి దగ్గరా ఉన్నాయి. ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోవాల్సిన పని మాత్రం ఫొటోలో కనపడదు, భూమిలో ఉంది. కమ్యూనిటీ హాలు నుంచి మూడు గేట్లకీ, పంపుహౌసుకీ ఫైబర్ కేబుల్, అంటే వెలుతురుతో సమాచారం మోసే సన్నటి గాజు పోగుల కేబుల్ వేసి, అక్కడి కెమెరాలన్నిటినీ హాల్లో తీగలన్నీ వచ్చి చేరే ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కి కలిపాం.

ఎందుకు అవసరమైందో కొత్తగా వచ్చిన సభ్యుల కోసం చెప్తాను. ఇదివరకు హాలు నుంచి ప్రతి గేటుకీ రాగి నెట్‌వర్క్ కేబుల్ లాగారు, అంటే మామూలు కాట్ 6. ఈథర్‌నెట్‌కి రాగి మీద హద్దు 100 మీటర్లు. అదీ రెండు చివర్లా ఉండే ప్యాచ్ కార్డులతో, అంటే పొట్టి జోడింపు తీగలతో కలిపి. సముద్రం వైపు గేటు అంతకన్నా చాలా దూరం. మధ్యలో జాయింటర్లు పెట్టి ఎలాగో లాక్కొచ్చారు. దాంతో పగలంతా బొమ్మ వచ్చేది, సరిగ్గా చీకటి పడగానే పోయేది. వాచ్‌మెన్ చెబితే మొదట్లో ఎవరం నమ్మలేదు. అసలు కారణం ఏమిటంటే, చీకటి పడగానే కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, కరెంటు ఎక్కువ లాగుతుంది. కెమెరాకి కరెంటు వెళ్లేదీ అదే కేబుల్లో, పీఓఈ పద్ధతిలో. అంత పొడుగు తీగలో వోల్టేజీ పడిపోయి కెమెరా ఆగిపోవడం, మళ్లీ మొదలవడం, మళ్లీ ఆగిపోవడం. పైగా ఆ కేబుల్ తీసి చాకుతో గీరి చూస్తే పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. బజార్లో చవగ్గా దొరికే రాగి పూత తీగ అది. అల్యూమినియానికి నిరోధం ఎక్కువ, కరెంటు మోసేచోట వేడెక్కుతుంది, వంచితే విరుగుతుంది. నిఖార్సైన రాగి లేకపోతే దాన్ని కాట్ 6 అనకూడదు, ప్రమాణాలు ఒప్పుకోవు.

రెండో బాధ పిడుగులు. హుద్‌హుద్ తుఫాను సంగతి సరే, ప్రతి వానాకాలం ముందు ఉరుములతో వచ్చే గాలివానల్లోనే స్విచ్‌లో తీగ దూర్చే ఏదో ఒక పోర్టు కాలిపోయేది. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి రాగి తీగ వెళ్తే, దగ్గర్లో పిడుగు పడినప్పుడు రెండు చోట్ల ఉన్న ఎర్త్‌ల మధ్య వచ్చే వోల్టేజీ తేడా అంతా ఆ తీగ గుండానే స్విచ్‌లోకి దూరుతుంది. గాజులోంచి వెలుతురు వెళ్తుంది గానీ కరెంటు వెళ్లదు. అందుకే కార్యవర్గం ఒకటే నియమం పెట్టుకుంది: భవనానికీ భవనానికీ మధ్య ఫైబర్, భవనం లోపల రాగి. మిగతా నిర్ణయాలన్నీ దాన్నుంచే వచ్చాయి.

చవగ్గా మీడియా కన్వర్టర్లు, అంటే ఫైబర్ వెలుతురుని రాగి తీగ సిగ్నలుగా మార్చే చిన్న డబ్బాలు పెట్టేద్దాం అని కొందరు సభ్యులు అన్నారు. డబ్బాకో అడాప్టర్, ఆ అడాప్టర్ పోతే మొత్తం గేటు పోయినట్టే, ఎక్కడ పోయిందో హాల్లో కూర్చుని తెలుసుకునే దారి ఉండదు. ఎస్‌ఎఫ్‌పీ గూళ్లున్న మేనేజ్డ్ స్విచ్ (ఏ పోర్టు పనిచేస్తోందో కూర్చున్నచోటే చూసుకోగలిగేది) ఒకటి హాల్లో, చిన్న పీఓఈ స్విచ్ ఒక్కోటి గేట్ల దగ్గర పెట్టుకోవడమే మంచిదని నేను పట్టుబట్టాను. ఆ గూట్లో మనకి కావలసిన ఫైబర్ మాడ్యూల్, అంటే వెలుతురు పంపి అందుకునే చిన్న ముక్క దూర్చుకోవచ్చు, పోతే అదొక్కటే మార్చుకోవచ్చు. ఫైబర్ కరెంటు మోయదు కాబట్టి ప్రతి గేటు దగ్గరా విడిగా కరెంటు, చిన్న యూపీఎస్ కావాలి. ఆ ఖర్చు తప్పలేదు.

కేబుల్ ఎంపికలో మన నాలుగో వీధి రిటైర్డ్ టెలిఫోన్స్ ఇంజనీరు గారి మాటే వేదం. సింగిల్ మోడ్ ఫైబర్ తీసుకున్నాం, లోపల వెలుతురు నడిచే భాగం మందం సుమారు 9 మైక్రాన్లు. కాలనీకి మల్టీమోడ్, అంటే ఆ భాగం ఇంకా లావుగా ఉండి తక్కువ దూరాలకి వాడే రకం చాలు కదా అని షాపులో అన్నారు. కానీ సింగిల్ మోడ్ కేబుల్ ధర ఎక్కువేమీ కాదు, రేపు వేగం పెంచుకోవాలంటే చివర్ల మాడ్యూళ్లు మార్చుకుంటే సరిపోతుంది, మళ్లీ తవ్వక్కర్లేదు. పందికొక్కుల బెడద ఉంది కాబట్టి స్టీలు తొడుగు ఉన్న కేబులే వేశాం. ఇక్కడే ఆయన ఇంకో సంగతి పట్టుకున్నారు. ఆ స్టీలు కూడా లోహమే, దాన్ని అలాగే స్విచ్ పెట్టె దాకా తెస్తే పిడుగుకి మళ్లీ దారి ఇచ్చినట్టే. అందుకే తొడుగుని జాయింట్ బాక్సు దగ్గరే కోసి ఎర్త్ చేయించారు. స్విచ్ దాకా వెళ్లేది గాజు, ప్లాస్టిక్ మాత్రమే. ఈ జాగ్రత్త కాంట్రాక్టరుకి తట్టలేదు, ఆయనకి తట్టింది. సంఘం ఆయనకి రుణపడి ఉంది.

గొయ్యి సంగతి చెప్పాలంటే బాధగానే ఉంటుంది. సముద్రం వైపు గేటుకి వెళ్లాలంటే రోడ్డు అడ్డంగా దాటాలి, దానికి అనుమతి కావాలి. దరఖాస్తు ఇచ్చిన ఆఫీసులో ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి కాగితం కదలడానికి వేసవి మొత్తం పట్టింది, అడిగిన ప్రతిసారీ రేపు రమ్మన్నారు. చివరికి సంతకం అయ్యేసరికి వానలు మొదలయ్యాయి. శ్రమదానానికి వస్తామని గ్రూపులో బొటనవేళ్లు పెట్టినవాళ్లలో చాలామంది ఆ ఉదయం ఫోనెత్తలేదు. వచ్చినవాళ్లు పైపు మోశారు, ఇసుక పోశారు, హెచ్చరిక టేపు పరిచి మట్టి కప్పారు. ఎవరెవరు వచ్చారో, ఎవరెవరు రాలేదో నాకు తెలుసు, మీకూ తెలుసు. వచ్చినవాళ్లకి చేతులెత్తి నమస్కారం.

స్ప్లైసింగ్, అంటే ఫైబర్ పోగుల్ని కరిగించి అతికే పని చేసిన రోజు హాల్లో పిల్లలంతా మూగారు. ఆ కుర్రాడి చెయ్యి చూడాలి. రంగు పూత గీకేసి, గాజు పోగుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన తుడుపుతో ఒక్కసారి లాగి తుడిచి, క్లీవర్‌లో పెట్టి టక్కుమనిపించాడు. తెగిన చిన్న ముక్కని కింద పడనివ్వకుండా టేపుకి అంటించాడు. అది కాల్లో గుచ్చుకుంటే కనపడదు, బయటికి రాదు. రెండు పోగుల్నీ మెషీన్లో ఎదురెదురుగా పెడితే తెర మీద రెండు కొనలు దగ్గరికి జరగడం, ఒక మెరుపు, అంతే. అతుకు దగ్గర వెలుతురు నష్టం 0.02 డీబీ అని చూపించింది, అంటే దాదాపు లేనట్టే. ముందే పోగుకి ఎక్కించి ఉంచిన రక్షణ గొట్టాన్ని (స్లీవ్) అతుకు మీదికి జరిపి వేడి చేసి ట్రేలో చుట్టాడు. మామూలు ఫైబర్‌ని మూడు సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగువుగా చుడితే వెలుతురు బయటికి జారిపోతుంది, అందుకే ట్రే అంత వెడల్పు.

ఇంత చేశాక ఉత్తరం గేటు లింకు లేవలేదు. స్విచ్‌లో లైటు వెలగదు. అతుకు బాగుంది, ఎర్రలైటు పెన్ను పెడితే అటు చివర ఎర్రగా కనపడుతోంది. అందరికీ టెన్షన్. కేబుల్ మళ్లీ తవ్వాలేమో అన్నంతవరకూ వెళ్లింది మాట. మనం వాడేది ఒకే పోగులో రెండువైపులా నడిచే మాడ్యూళ్లు. ఒక చివరది 1310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుతురు పంపి 1550 అందుకుంటుంది, ఇంకో చివరది అందుకు తిరగేసి ఉండాలి. ఇవి జతగా వస్తాయి. షాపువాళ్లు ఆ గేటుకి రెండూ ఒకే రకం పంపారు, రెండూ 1310 లోనే పంపుతున్నాయి, 1550 కోసం రెండూ కాచుక్కూర్చున్నాయి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, లాగే పిడి రంగూ, లేబుల్ మీది అంకే తేడా. లేబుల్ చదివి కనిపెట్టింది ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మూడో వీధి అమ్మాయి. మాడ్యూల్ మార్చిన వెంటనే ఆకుపచ్చ లైటు వెలిగింది. అందుతున్న వెలుతురు బలం మీటర్లో -8 డీబీఎమ్ దగ్గర నిలిచింది (మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు). ఈ రకం మాడ్యూల్ సుమారు -19 దాకా చదవగలదు, అంటే ముందుముందు ఒకటో రెండో అతుకులు పడ్డా భయం లేదు. ఆ అమ్మాయికి సమావేశంలో చిన్న బహుమతి ఇస్తున్నాం, దయచేసి ఆ సమయానికైనా హాల్లో ఉండండి.

రాగి వైపు పని చిన్నదే కానీ దాన్నీ తేలిగ్గా తీసుకోలేదు. గేటు స్విచ్ నుంచి కెమెరా దాకా అసలైన రాగి కేబుల్ వేసి చివర్లకి కొత్తగా ఆర్‌జే45 కనెక్టర్లు కొట్టించాం. పాతవాటిలో రంగులు జతల వరసగా పెట్టేశారు. వైరు టెస్టర్ పెడితే ఎనిమిది లైట్లూ వెలిగేవి, అయినా బొమ్మ చెదిరేది. సరైన వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మూడో పిన్నుకీ ఆరో పిన్నుకీ ఒకే మెలిక జత వెళ్లాలి, లేకపోతే ఒక జత సిగ్నలు ఇంకో జతలోకి దూరుతుంది. ఎప్పుడైనా మీ ఇంట్లో గిగాబిట్ రావాల్సిన లైను 100 మెగాబిట్ దగ్గర ఆగిపోయిందంటే ఎనిమిదిలో ఒక తీగ సరిగా అంటలేదేమో చూసుకోండి. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు చాలు. మనకి ఉప్పు గాలి కాబట్టి పెట్టెలన్నిటికీ కేబుల్ దూరే రంధ్రాల దగ్గర రబ్బరు గ్లాండ్లు (బిగింపు మూతలు) పెట్టించి, కేబుళ్లు కింది వైపు నుంచే లోపలికి వెళ్లేలా కిందికి వంపు ఇచ్చాం. పాత కనెక్టర్ల పిన్నులు ఎంత పచ్చగా చిలుము పట్టాయో చూడాలంటే హాల్లో ఒక కవరులో పెట్టాను.

ఒక్క గొడవ మాత్రం చెప్పి తీరాలి. చదువుల గదిలో ఎవరో ఖాళీగా వేలాడుతున్న ప్యాచ్ కార్డు కొనని తీసి అదే చిన్న స్విచ్‌లో ఇంకో పోర్టులో పెట్టేశారు. అంటే రెండు చివర్లూ ఒకే స్విచ్‌లో. ఆ సాయంత్రం కెమెరాలు, పోటీ పరీక్షల పిల్లల ఇంటర్నెట్, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అందరికీ వెళ్లాల్సిన ప్రతి సమాచార ముక్కా (బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్టు) అదే దారిలో తిరిగి తిరిగి పెరిగిపోతుంది, స్విచ్ లైట్లన్నీ పిచ్చిగా మెరుస్తాయి. ఆ చిన్న స్విచ్‌కి దాన్ని ఆపే తెలివి లేదు. పెద్ద స్విచ్‌లో లూప్ రక్షణ ఇప్పుడు పెట్టాం, ఇక అలా జరిగితే ఆ గది పోర్టు ఒక్కటే మూతపడుతుంది. అయినా సరే, తెలియని వైరు ముట్టుకోవద్దని పిల్లలకి చెప్పండి. అలాగే ఊడిపోయిన ఫైబర్ కొనలోకి కన్ను పెట్టి చూడొద్దు. లోపలి వెలుతురు కంటికి కనపడదు, కనపడనంత మాత్రాన లేనట్టు కాదు. కొనని వేలితో ముట్టుకున్నా జిడ్డు అంటి లింకు బలహీనపడుతుంది. తీస్తే మూత పెట్టాలి, మళ్లీ పెట్టే ముందు క్లీనర్ పెన్ను ఒకసారి నొక్కాలి.

ఇక లెక్కలు. పద్దుల పుస్తకం, బిల్లులు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, ఆడిట్ అయింది, కాపీ నోటీసు బోర్డులో అంటించాం. కేబుల్ పనికి విరాళాలు, నిర్వహణ నిధి కలిపి సరిపోయాయి, అప్పు లేదు. బకాయిలు ఉన్నవాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు, సమావేశంలోపు కడతారని ఆశిస్తున్నాను.

ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లా లేబుల్ ఉంది. ఏ పోగు ఏ గేటుదో, ఏ పోర్టు ఏ కెమెరాదో చూపించే మ్యాపు ర్యాకు తలుపు లోపలి వైపు అతికించి ఉంది. వాడకుండా మిగిలిన పోగులు మూతలు పెట్టి ట్రేలోనే ఉంచాం, రేపు క్లబ్ హౌసుకో పార్కుకో ఇవ్వొచ్చు. కానీ దీన్ని చూసుకోవడానికి ఇప్పటికి నేనూ, ఇంజనీరు గారూ మాత్రమే ఉన్నాం. ఆయన వచ్చే ఏడాది పిల్లల దగ్గరికి వెళ్తున్నారు. పెట్టెల్లో చీమలు చూడటం, యూపీఎస్ బ్యాటరీ చూడటం, ఉరుముల వాన తర్వాత ఒకసారి లింకు లైట్లు చూడటం, ఇంతే పని.

ఎజెండాలో నివేదిక, పద్దుల ఆమోదం అయ్యాక కొత్త కార్యవర్గం ఎన్నిక ఉంటుంది, దాంతోపాటే నెట్‌వర్క్ ఉపసంఘం. వీధికి ఒకరైనా పేరు ఇవ్వండి, ఆడవాళ్లు, విద్యార్థులు ఎవరైనా సరే. పేరు ఇచ్చినవాళ్లు సమావేశం అయ్యాక అరగంట ఆగితే ర్యాకు తాళం, మ్యాపు నకలు, క్లీనర్ పెన్ను అప్పగించి, మాడ్యూల్ ఎలా తీసి పెట్టాలో దగ్గరుండి చేయిస్తాను.

ఇట్లు,
కార్యదర్శి