డుషెన్ పిల్లల కడుపు సంగతి

అందరికీ నమస్కారం. డుషెన్ అంటే కండరాలు క్రమంగా బలహీనపడే జబ్బు. అది ఉన్న మన పిల్లల కాళ్లూ, గుండే డాక్టరుకు చూపిస్తుంటాం గానీ కడుపును పట్టించుకోం. ఈ జబ్బులో లోపించే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ పేగుల్లోని నునుపు కండరాలకూ కావాలి. అది లేకపోతే తిన్నది నెమ్మదిగా కదులుతుంది, మలబద్ధకం వస్తుంది. దానికితోడు బాత్రూముకు ఎవరో ఎత్తుకెళ్లాలని బడిలో పిల్లలు నీళ్లే తాగరు. సీసా నిండుగానే ఇంటికొస్తుంది, చూసే ఉంటారు. దయచేసి టీచరమ్మతో మాట్లాడండి.

కడుపు ఉబ్బి, నొప్పితో వాంతులు ఆగకపోతే గ్యాసనుకుని వాము నీళ్లతో సరిపెట్టకండి. జీర్ణాశయం ఉన్నట్టుండి ఉబ్బిపోయే ప్రమాదముంది. తిరుపతి వాళ్లు రుయాకో స్విమ్స్‌కో, చిత్తూరు వాళ్లు దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెంటనే తీసుకెళ్లండి. రోజూ వేసే స్టెరాయిడ్ మాత్ర వాంతిలో పోయుంటే డాక్టరుకు ముందే చెప్పండి. అది ఒక్కసారిగా ఆగితే ప్రాణం మీదికొస్తుంది.