పశువుల మేత సంగతి ఏప్రిల్‌లో కాదు, రాగి కోతల నాడే చూడాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. బెంగళూరులో తెల్లవారేసరికి మన గుమ్మం ముందుకు వచ్చే పాలలో ఎంతో భాగం కోలారు, చిక్కబళ్లాపురం వైపు పల్లెల్లో రెండు మూడు ఆవులతో సంసారం నెట్టుకొచ్చే చిన్న రైతుల కొట్టాల నుంచి వస్తుంది. బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురం తాలూకాల్లో ఆ రైతులలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మా పుట్టిల్లు కూడా అలాంటిదే. వేసవిలో ఆ ఆవులు ఏం తింటున్నాయో పట్టించుకోవాల్సిన సమయం దాటిపోయాక అందరం మేల్కొంటున్నామన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

ఫిబ్రవరి దాటితే మా వైపు గట్ల మీద కూడా పచ్చిక కనిపించదు. బోరులో నీళ్లు తగ్గగానే రైతు ముందుగా వదులుకునేది పచ్చిమేత మడినే కాని టమాటా తోటను కాదు. ఇక వానలు పడేదాకా ఆవుకు రాగిగడ్డి, లేదా డబ్బు పోసి కొన్న వరిగడ్డే దిక్కు. దానితో కడుపు నిండుతుంది కాని ఒంటికి పట్టదు. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించి ఉండవు. ఆవు పెద్దపొట్టలో పీచును అరిగించే సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేయాలంటే మేతలో కనీసం 7 శాతమైనా ఉండాలి. అవి మందగిస్తే గడ్డి అరగక అలాగే నిలిచిపోతుంది, ఆవు మళ్లీ గాడిలో మూతి పెట్టదు. పోయిన వేసవిలో మా వదిన నన్ను కొట్టంలోకి తీసుకెళ్లి చూపించింది. గాడి నిండా ముదురు కాడలు నమలకుండా మిగిలిపోయి ఉన్నాయి, ఆవుకు పక్కటెముకలు తేలాయి, ఈని ఆరు నెలలైనా ఎదకు రాలేదు. పాలకేంద్రంలో ఎస్.ఎన్.ఎఫ్. (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థాలు) తగ్గిందని ధర కోశారు, ఆ కోతతో దాణా కూడా సగమైంది.

దీనికి చవకైన మార్గం ఒకటి ఎన్నో ఏళ్లుగా తెలిసినదే. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 40 నుంచి 60 లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచితే గడ్డి మెత్తబడుతుంది, మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి. పట్టా తీసినప్పుడు కళ్లు మండేంత ఘాటు వస్తుంది కనుక, కావలసినంత గడ్డిని తీసి కాసేపు ఆరబెట్టి, మొదట్లో మామూలు గడ్డితో కలిపి అలవాటు చేయాలి. ఆరు నెలలలోపు దూడలకు పెట్టకూడదు, యూరియా కొలత అసలే మించకూడదు. ఈ జాగ్రత్తలను కాగితం మీద అచ్చేసి పంచితే చాలదు, ఒకరు కొట్టంలో నిలబడి చేసి చూపించాలి. 45 కిలోల యూరియా బస్తా ఒక్కటి పది క్వింటాళ్లకు పైగా గడ్డికి సరిపోతుంది. దీనికి తోడు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, వేళకు నీళ్లు అందిస్తే చాలావరకు ఆవు నిలదొక్కుకుంటుంది. మేతకు కరువైనప్పుడు వానకు మొలిచిన లేత జొన్న పిలకలకు పశువును వదిలి విషంతో పోగొట్టుకునేవారూ ఉన్నారు కాబట్టి ఆ హెచ్చరిక కూడా ముందే చేయాలి.

మన నగరంలోనే ఆడుగోడిలో 1995లో ఏర్పడిన జాతీయ పశుపోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ ఉంది. హెబ్బాళలో వ్యవసాయ, పశువైద్య విద్యాసంస్థలు ఉన్నాయి. తెలివికి కొదవ లేదు, అది గాడి దాకా చేరడం లేదు. ఒక కరువు ఏడాది మా ఊరికి సాయపు మేత వచ్చేసరికి ఏప్రిల్ ఆఖరైంది. అప్పటికే ఇరుగుపొరుగువారు పాడి ఆవులను సంతలో అయినకాడికి అమ్ముకున్నారు. రాగి కోతలు నవంబరు, డిసెంబరులలో అవుతాయి. అప్పుడు వామి వేసేటప్పుడే గడ్డిని ఇలా యూరియాతో శుద్ధి చేసుకుంటే వేసవంతా పనికొస్తుంది.

అందుచేత ప్రభుత్వానికీ, పాల సంఘాలకూ నా విన్నపం ఇది. ప్రతి పాలకేంద్రంలో జనవరిలోగా ఒక వామిని రైతుల చేతనే శుద్ధి చేయించండి. గడ్డి ముక్కలు చేసే యంత్రం ఒకటి ఊరుమ్మడిగా ఇవ్వండి. ఘాటి సుబ్రహ్మణ్యం పశువుల జాతరకు రైతులు వేలల్లో వస్తారు, అక్కడ కన్నడంలోనూ తెలుగులోనూ ఈ పని చేసి చూపించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
యలహంక, బెంగళూరు