చిక్కిపోయిన నగరాల గురించి అమ్మలూకి

అమ్మలూ,

రాత్రి నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నువ్వు రాస్తున్న పేపర్‌కి అమెరికాలోని కార్ల ఊరు డెట్రాయిట్, ఉక్కు ఊరు పిట్స్‌బర్గ్ తీసుకున్నానన్నావు. "ఒకటి చచ్చిపోయింది, ఒకటి బతికి బట్టకట్టింది, అంతే కదమ్మా" అన్నావు. అంతే కాదురా. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు జనాభా చూడు. 1950లో డెట్రాయిట్‌లో దాదాపు 18.5 లక్షల మంది ఉండేవాళ్లు. 2020కి 6.4 లక్షల లోపుకి వచ్చారు. పిట్స్‌బర్గ్‌లో 1950లో 6.77 లక్షలుంటే 2020లో మూడు లక్షల చిల్లర. నువ్వు గెలిచిందంటున్న ఊరు కూడా సగానికి పైగా జనాన్ని పోగొట్టుకుంది. దెబ్బ ఇద్దరికీ గట్టిగానే తగిలింది. తగిలాక ఏం జరిగిందన్న దగ్గర దారులు వేరయ్యాయి.

జనం తగ్గారని ఊరి ఖర్చు తగ్గదు. 18 లక్షల మందికని వేసిన రోడ్లు, నీటి పైపులు, దీపస్తంభాలు అలాగే ఉంటాయి, పన్ను కట్టేవాళ్లే ఉండరు. పన్ను పెంచితే మిగిలినవాళ్లలో కాస్త స్తోమత ఉన్నవాళ్లు కూడా పెట్టె సర్దుకుంటారు. డెట్రాయిట్‌లో దీనికి తోడు శివార్ల సంగతి ఉంది. కార్ల ఫ్యాక్టరీలు బయటికి జరిగాయి, తెల్లవాళ్ల కుటుంబాలు వరసగా శివార్లకు తరలిపోయాయి. ఊరు ఖాళీ అయింది కానీ చుట్టుపక్కల ప్రాంతం నిండుగానే ఉంది. ఆదాయం హద్దు దాటిపోయింది, అప్పులూ పెన్షన్లూ ఊరి నెత్తిన మిగిలాయి. 2013 జులైలో దివాలా పిటిషన్ వేసేనాటికి అప్పు సుమారు 1,800 కోట్ల డాలర్లు. అప్పట్లో వీధి దీపాల్లో దాదాపు 40 శాతం వెలిగేవి కావు. రాత్రి షిఫ్టు దిగి, చేతిలో ఇంటి తాళం గట్టిగా పట్టుకుని, ఆ చీకట్లో నడిచొచ్చే మనిషిని తలుచుకో. ఆ మనిషికి దివాలా అంటే అదే.

అప్పులవాళ్లకి కట్టడానికి ఊరి ఆర్ట్ మ్యూజియంలోని బొమ్మలు అమ్మేయాలన్న మాట కూడా వచ్చింది. చివరికి దాతృత్వ సంస్థలు, రాష్ట్రం, మ్యూజియం దాతలు కలిసి 80 కోట్ల డాలర్లకు పైగా ఇస్తామన్నారు. బొమ్మలు మిగిలాయి. పెన్షన్ల కోత తగ్గింది కానీ తప్పలేదు. మామూలు మున్సిపల్ ఉద్యోగులుగా రిటైరైనవాళ్లకి పెన్షన్‌లో 4.5 శాతం పోయింది, ధరలతో పాటు ఏటా పెరగాల్సింది కూడా పోయింది. ఏళ్ల తరబడి ఊరికి పనిచేసినవాళ్లు వాళ్లు. నాకది ఇప్పటికీ మింగుడుపడదు.

అలాగని చచ్చిపోయిందనకు. 2016 చివరికల్లా 65 వేల కొత్త దీపాలు పెట్టారు. 1988లో ఆఖరి రైలు వెళ్లాక ముప్పై ఏళ్లు పాడుబడ్డ మిషిగన్ సెంట్రల్ స్టేషన్‌ని ఫోర్డ్ 2018లో కొని, బాగుచేయించి, 2024లో తెరిచింది. జనాభా లెక్కలవాళ్ల అంచనా ప్రకారం 2023లో ఊరి జనం కొద్దిగా పెరిగారు. 1957 తర్వాత అదే మొదటిసారి.

ఇక పిట్స్‌బర్గ్. 1980ల్లో ఉక్కు మిల్లులు వరసగా మూతపడ్డప్పుడు ఆ ఊరు ఇల్లు కాలుతుంటే బావి తవ్వుకోలేదు. బావి ముందే ఉంది. పోలియో టీకా మీద శాస్త్రవేత్త జోనస్ సాల్క్ పనిచేసింది అక్కడి యూనివర్సిటీలోనే, 1950ల్లో. ఆ ఊళ్లోదే ఇంకో యూనివర్సిటీ కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ 1979లోనే పెట్టారు. మిల్లులు పోయాక ఆసుపత్రులు, చదువులు ఊరిని మోశాయి. ఉక్కు కంపెనీ పేరు మీద కట్టిన అరవై నాలుగు అంతస్తుల భవనం నెత్తిన ఇప్పుడు ఆసుపత్రుల సంస్థ పేరు కనిపిస్తుంది. అయినా మున్సిపాలిటీ కష్టాలు తీరడానికి చాలా కాలం పట్టింది. 2003లో రాష్ట్రం దాన్ని ఆర్థికంగా చితికిన నగరంగా ప్రకటిస్తే, అందులోంచి బయటపడింది 2018లో.

కానీ నీ పేపర్‌లో కనపడనిది ఇంకొకటుంది. మీ నాన్న ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు నీకు ఆరేళ్లు, ఆయనకి నలభై మూడు. మళ్లీ తెరుస్తారన్న ఆశతో దాదాపు ఏడాది పాటు యూనిఫాం చొక్కాలు ఇస్త్రీ చేసి తలుపు వెనకాల తగిలించుకునేవారు. వాటి కాలర్లు చిరగలేదు, మడతల దగ్గరే పసుపెక్కాయి. హోమ్‌స్టెడ్ గురించి చదివినప్పుడల్లా నాకా చొక్కాలే గుర్తొస్తాయి. పిట్స్‌బర్గ్‌ని ఆనుకున్న ఆ ఊళ్లో పెద్ద ఉక్కు కర్మాగారం 1986లో మూసేశారు. ఆ స్థలంలో తర్వాత షాపింగ్ సెంటర్ కట్టారు. పాత ఇటుక పొగగొట్టాలు పన్నెండు మాత్రం వరసగా అలాగే ఉంచారు. కొలిమి దగ్గర పాతికేళ్లు నిలబడ్డ యాభై ఏళ్ల మనిషి రోబోలు చేసే ఇంజనీరు అయిపోడు కదా. వయసులో ఉన్నవాళ్లు పని వెతుక్కుంటూ వేరే ఊళ్లకి పోయారు. ఊరు లేచిందంటే పడినవాళ్లంతా లేచారని కాదమ్మలూ, ఈ రెండు లెక్కలూ విడివిడిగా వెయ్యాలి.

వీలైతే జర్మనీలోని లైప్జిగ్‌ని కూడా చూడు. 1990 తర్వాత పదేళ్లలోపే లక్ష మంది దాకా తగ్గారు, వేలకొద్దీ ఇళ్లు ఖాళీ. అక్కడొక ఏర్పాటు నాకు చాలా నచ్చింది. పాడుబడుతున్న పాత ఇళ్లలో కళాకారుల్నీ కుర్రాళ్లనీ అద్దె లేకుండా ఉండనిచ్చారు. కరెంటు, నీళ్ల ఖర్చు పెట్టుకోవాలి, ఇంటిని కనిపెట్టుకుని ఉండాలి, అంతే. మనిషి ఉన్న ఇంట్లో పైకప్పు కారితే ఆరోజే తెలుస్తుంది. ఖాళీ ఇంట్లో అయితే దూలం కుళ్లి కిందపడేదాకా ఎవరికీ తెలీదు. ఇప్పుడు ఆ ఊరి జనాభా ఆరు లక్షలు దాటింది. కార్ల ఫ్యాక్టరీలొచ్చాయి, ప్రభుత్వం డబ్బూ చాలా వచ్చింది, నిజమే. కానీ వచ్చేవాళ్లకి ఆ పాత వీధులు నిలబడి ఉన్నాయి.

హోమ్‌స్టెడ్ మనుషులు తర్వాత ఏమయ్యారో నీ పేపర్‌లో ఒక్క పేజీ అయినా పెట్టు. రాశాక ముందు మీ నాన్నకి పంపు. ఆయన అడగరు గానీ, చదవాలని ఉంది.

ప్రేమతో,
అమ్మ