డిస్కు తుడిచేముందు ఒకసారి లోపల వేసి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి పాత కంప్యూటర్లున్నవాళ్లు ఉబుంటు (విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోవచ్చని మీ పత్రికలో రాశారు. సలహా బాగుంది. కానీ ఆ "వేసుకోవచ్చు" దగ్గరే వచ్చింది తంటా. మా బావమరిది తన లాప్‌టాప్ షాపులో ఇస్తే, ఆ కుర్రాడు డిస్కు మొత్తం తుడిచేసి శుభ్రంగా ఉబుంటు వేసిచ్చాడు. కూతురి పెళ్లి ఫొటోలన్నీ పోయాయి. అడిగితే "బ్యాకప్ తీసుకునే ఉంటారనుకున్నా సార్" అన్నాడట!

అందుకే నేను ముందు వర్చువల్ మెషీన్‌లో వేసి చూశాను. అంటే విండోస్ అలాగే ఉంటుంది, దాంట్లో ఒక కిటికీలో ఇంకో కంప్యూటర్ నడుస్తుంది. నచ్చకపోతే డెలిట్ కొట్టడమే. దీనికి వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. ఉబుంటు 24.04 ఐఎస్ఓ ఫైలు (ఇన్‌స్టాల్ చెయ్యడానికి కావలసినదంతా ఉండే ఫైలు) దాదాపు 6 జీబీ, రోజుకు 2 జీబీ డేటా ప్యాక్‌తో దించుదామంటే మూడు రోజులు పడుతుంది, బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంట్లో కూర్చుని దించుకోండి.

నాది ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ 11కి పనికిరాదు. అందులో 4 జీబీ ర్యామ్, రెండు సీపీయూలు, 25 జీబీ డిస్కు కొత్త మెషీన్‌కి ఇచ్చాను. ఆ 25 జీబీ ఒకేసారి తినెయ్యదు, వాడేకొద్దీ పెరుగుతుంది. అంతా బాగానే ఉందనుకుని స్టార్ట్ నొక్కితే "వీటీ-ఎక్స్ ఈజ్ డిజేబుల్డ్ ఇన్ ది బయోస్" అని ఎర్రర్, అంటే వర్చువల్ మెషీన్‌కి కావలసిన ప్రాసెసర్ సౌకర్యం ఆపేసి ఉందని. సగం మంది ఇక్కడే వదిలేస్తారు, నేనూ వదిలేసేవాణ్ణే. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి ఎఫ్2 (కొన్నింటికి ఎఫ్10, కొన్నింటికి డెలిట్) కొడుతూ బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే కంప్యూటర్ సొంత సెట్టింగ్స్‌లోకి) వెళ్లి, వర్చువలైజేషన్ టెక్నాలజీ అన్నదాన్ని ఎనేబుల్ చేసి సేవ్ చేస్తే సరిపోయింది. ఏఎండీ వాళ్లకి అక్కడ ఎస్‌వీఎం అని ఉంటుంది. ఇంత కష్టం లేకుండా ముందే చూసుకోవాలంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూడండి.

రెండో తిప్పలు నేనే తెచ్చుకున్నాను. వర్చువల్‌బాక్స్ "అనటెండెడ్ ఇన్‌స్టాలేషన్" అంటుంది, అంటే అన్నీ తనే చేసేస్తానని. సుఖంగా ఉంది కదా అని ఒప్పుకున్నా. తీరా చూస్తే యూజర్ పేరు వీబాక్స్‌యూజర్, పాస్‌వర్డ్ ఛేంజ్‌మీ, టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరుచుకోదు, ఏ ప్రోగ్రాం వేద్దామన్నా నీకు అధికారం లేదంటుంది. ఆ మెషీన్ తీసేసి, ఈసారి అనటెండెడ్ వద్దని పెట్టి మళ్లీ మొదట్నుంచి చేశాను, అరగంటలో అయిపోయింది.

మధ్యలో "ఎరేజ్ డిస్క్ అండ్ ఇన్‌స్టాల్ ఉబుంటు" అని వచ్చింది, అంటే డిస్కు తుడిచేసి ఉబుంటు వేస్తానని. బావమరిది ఫొటోలు గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది, హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేశాను. "అది మనమిచ్చిన 25 జీబీనే నాన్నా, నీ సీ డ్రైవ్ దానికి కనపడనే కనపడదు, నొక్కు" అన్నాడు. నొక్కాను. ఏమీ కాలేదు. అదే మాట నేరుగా లాప్‌టాప్ మీద వేసేటప్పుడు కనిపిస్తే మాత్రం అక్కడ ఆగాల్సిందే. ఈ తేడా మీ వ్యాసంలో ఒక్క ముక్క రాసుంటే బాగుండేది.

ఇక స్క్రీన్ చిన్నగా వస్తే గెస్ట్ అడిషన్స్ (వర్చువల్‌బాక్స్‌తో వచ్చే అదనపు ప్రోగ్రాం) ఉబుంటులో వెయ్యాలి, అంతే. తెలుగు కీబోర్డు కూడా సెట్టింగ్స్‌లోనే ఉంది, మా ఆవిడ సరుకుల లిస్టు అందులోనే కొడుతోంది.

ఇలా వాడితే విండోస్ 10 బెడద తీరిపోయిందనుకోకండి, అడుగున నడిచేది ఇంకా అదే. మనకు ఉబుంటు అలవాటవుతుందా లేదా అన్నది తెలుస్తుంది, అంతవరకే. అసలు లాప్‌టాప్‌లోని వైఫై దానితో పనిచేస్తుందో లేదో ఇందులో తెలీదు, దానికి పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు బూట్ చేసి, ఇన్‌స్టాల్ కాకుండా ట్రై అన్నది నొక్కి చూడాలి. వచ్చే ఆదివారం ఆ పని పెట్టుకున్నాను. బావమరిది కూడా వస్తానన్నాడు, ఈసారి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు సంచిలో వేసుకుని.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉద్యోగి, తెనాలి