పగలని అద్దాలు ఎందుకు తీయాలి?

సంపాదకుల వారికి,

పారిస్ నోత్రదామ్ చర్చిలో ఆరు పాత రంగుటద్దాల కిటికీలు తీసి కొత్తవి పెట్టడాన్ని సమర్థిస్తూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. కాలాన్నిబట్టి కట్టడమూ మారుతుందన్నది అందులోని వాదన. మారుతుంది, కాదనను. కానీ 2019 ఏప్రిల్ మంటల్లో ఆ ఆరూ పగల్లేదన్న సంగతి వ్యాసంలో ఎక్కడా లేదు.

అవి మధ్యయుగానివి కావు, నిజమే. 19వ శతాబ్దంలో వ్యొలే-ల-ద్యుక్ అనే ఫ్రెంచ్ వాస్తుశిల్పి చేయించినవి. బొమ్మలుండవు, అన్నీ గీతలూ అల్లికలే. అందుకే కాబోలు, పోతే పోయాయిలే అనిపిస్తోంది. 2024 జులైలో ఫ్రాన్స్ వారసత్వ కమిషన్ ఏకగ్రీవంగా వద్దంది. అయినా ఆ డిసెంబరులోనే ప్రభుత్వం క్లెయిర్ తబురే అనే చిత్రకారిణిని ఎంపిక చేసింది. ఆమె గీసేది పెంతెకోస్తు ఘట్టం, అంటే క్రీస్తు శిష్యుల మీదికి పవిత్రాత్మ దిగివచ్చిన సందర్భం. ఆమె ప్రతిభతో నాకు పేచీ లేదు.

ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ దగ్గర డాడిస్‌కూమ్స్‌లీ అనే పల్లె ఉంది. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడి సెయింట్ మైకేల్ చర్చి చూశాను. 15వ శతాబ్దపు కిటికీ ఒక్కదాంట్లోనే ఏడు దివ్య సంస్కారాలూ, అంటే క్యాథలిక్కుల ముఖ్యమైన మతకర్మలు, ఉన్నాయి: జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని స్థిరపరిచే తైలాభిషేకం), దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం, అవస్థాభ్యంగనం, గురుపట్టం (ఫాదర్‌గా అభిషేకం), జ్ఞానవివాహం. ఒకచోట గురువు వధూవరుల చేతులు కలుపుతున్నాడు, ఇంకోచోట మంచం పట్టిన మనిషికి తైలం పూస్తున్నాడు. బైబిల్ కథలు కావివి, ఆ ఊరి మనిషి పుట్టుక నుంచి చావుదాకా. మధ్యలో క్రీస్తు. ఆయన గాయాల్లోంచి సన్నటి ఎర్ర గాజు ధారలు బయల్దేరి ఒక్కో బొమ్మ దాకా పోతాయి. ఎండ పడితే ముందు కనిపించేది ఆ ఎరుపే.

అది మిగలడమే విశేషం. 1547లో ఇంగ్లండ్ రాజు ఆరో ఎడ్వర్డ్ ప్రొటెస్టెంట్ ప్రభుత్వం గోడల మీదా కిటికీల్లోనూ ఉన్న ఇలాంటి బొమ్మలు తీసేయమంది. తర్వాత ఇంగ్లండ్ చర్చి క్రీస్తు స్థాపించిన సంస్కారాలుగా రెంటినే ఒప్పుకుంది. అంటే ఏడు చూపించే కిటికీ కొత్త మతానికి కంట్లో నలుసే. కాకపోతే కొత్త గాజు ఖరీదు. ఆ ఖర్చుకు భయపడి చాలా ఊళ్లలో పాత అద్దాలను ఉండనిచ్చారు. పేదరికం చేసిన మేలు అనాలి!

అయితే ఆ కిటికీలోని క్రీస్తు బొమ్మ పాతది కాదు. అసలుది పోతే 19వ శతాబ్దంలో కొత్తది చేసి పెట్టారు. ముఖం మరీ నున్నగా ఉంది, నాకంత నచ్చలేదు. అయినా తప్పు పట్టను, అక్కడ ఖాళీ ఉంది మరి. జర్మనీలోని కొలోన్ కెథెడ్రల్‌లోనూ అంతే. రెండో ప్రపంచయుద్ధంలో పోయిన కిటికీ స్థానంలో 2007లో చిత్రకారుడు గెర్హార్ట్ రిష్టర్ పదకొండు వేలకు పైగా రంగు చతురస్రాలు అమర్చాడు. కొందరికి నచ్చలేదు గానీ, దానికోసం ఆ పాత కిటికీని ఎవరూ ఊడబెరకలేదు.

నోత్రదామ్‌లో జరుగుతున్నది అది కాదు. ఏ కాలం చేర్పునైనా గౌరవించాలని పాత కట్టడాల పరిరక్షణ సూత్రాలు చెప్పే 1964 వెనిస్ చార్టర్‌లో రాసుకున్నారు. 19వ శతాబ్దం పని మనకు పాతగా తోచకపోతే ఆ మాట చెల్లదా? తీసినవాటిని మ్యూజియంలో పెడతామని ఫ్రాన్స్ అధ్యక్షుడు మేక్రాన్ సర్దిచెప్పారు. ఆ కొత్తవాటినే మ్యూజియంలో పెట్టొచ్చు కదా?

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గుంటూరు