బ్యాంకు జవాబు నేరుగా ఆడిటర్‌కే అందాలి

సంపాదకుల వారికి,

మార్కెట్ మందగించినప్పుడే లెక్కలు మార్చాలన్న ఒత్తిడి పెరుగుతుంది. సత్యం కంప్యూటర్స్ ఉదంతం మన కళ్లెదుటే జరిగింది. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన లేఖ ప్రకారం, అంతకు ముందటి సెప్టెంబర్ త్రైమాసికంలో అసలు నిర్వహణ లాభం 61 కోట్లు, పుస్తకాల్లో చూపింది 649 కోట్లు. లేకున్నా ఉన్నట్టు చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లు!

అంత డబ్బు ఉందో లేదో తేల్చడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. బ్యాంకుకు ఆడిటరే ఉత్తరం రాయాలి, జవాబు తన ఆఫీసుకే తెప్పించుకోవాలి. ఆ కవరు కంపెనీ ఫైనాన్స్ విభాగం చేతుల మీదుగా వస్తే దానికి విలువ లేదు. సత్యంలో పట్టు తప్పింది ఇక్కడే. డిపాజిట్ల మీద చూపిన వడ్డీకి తగ్గ టీడీఎస్ (బ్యాంకు ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) జమైందా అన్నది మరో గట్టి పరీక్ష.

2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల్లో అక్రమాలపై ఫిర్యాదుల యంత్రాంగాన్ని తప్పనిసరి చేసింది. అసాధారణ సందర్భాల్లో ఉద్యోగి నేరుగా డైరెక్టర్ల బోర్డులోని ఆడిట్ కమిటీ అధ్యక్షుడినే ఆశ్రయించవచ్చు. కానీ ఫిర్యాదు కాపీ పై అధికారికీ వెళ్తుందంటే ఎవరు నోరు విప్పుతారు?

చిన్న సంస్థల్లో జబ్బు వేరు. జీతంలో కోసిన పీఎఫ్‌ను మరుసటి నెల 15లోగా కట్టకుండా ముడిసరుకుకో, కరెంటు బిల్లుకో మళ్లిస్తారు. వచ్చే నెల సర్దేద్దామనుకుంటారు, ఆ నెల రాదు. అది కార్మికుడి కష్టార్జితం, యజమాని చేబదులు కాదు. ఉద్యోగులు నెలనెలా ఈపీఎఫ్ పాస్‌బుక్ చూసుకోవాలి. జమ కనిపించకపోతే రాజీనామా చేసేదాకా ఆగకుండా వెంటనే పీఎఫ్ కార్యాలయంలో ఫిర్యాదు చేయాలి.

— కొందరు ఆడిటర్లు, హైదరాబాద్