కచేరీ జూన్‌కి మారింది, పాట మాత్రం మారలేదు

ఫ్రిస్కోలో మా షాపు నుంచి వాయిద్యాలు అద్దెకు తీసుకుని, పిల్లల్ని శనివారం బ్యాండ్ క్లాసుకి పంపుతున్న తల్లిదండ్రులందరికీ నమస్కారం. మే కచేరీని జూన్‌కి వాయిదా వేశాను. ఎందుకో నా నోటితోనే చెప్పడం న్యాయం.

ఆఖర్న వాయించాల్సింది 'డాన్స్ ఆఫ్ ద కమెడియన్స్'. చెక్ సంగీతకారుడు స్మెతానా రాసిన 'ద బార్టర్డ్ బ్రైడ్' అనే ఒపేరాలోది. 1866లో ప్రాగ్‌లో ఆ ఒపేరా మొదటిసారి ఆడినప్పుడు ఈ డాన్స్ అందులో లేదు, తర్వాత చేర్చారు. కథ మనకేం కొత్త కాదు. ప్రేమించుకున్న జంట, మధ్యలో దూరిన పెళ్లిళ్ల పేరయ్య, చివరికి ఆయన బేరం ఆయనకే ఎదురు తిరగడం. మూడో అంకంలో ఊళ్లోకి సర్కస్ వాళ్లు దిగుతారు, అప్పుడొచ్చే గెంతులాటే ఇది.

ఒరిజినల్‌లో వేగంగా సాగే స్వరాల పరుగంతా వయొలిన్లది. బ్యాండ్‌లో వయొలిన్లు ఉండవు కాబట్టి అది క్లారినెట్లు, ఫ్లూట్ల మీద పడుతుంది. వయొలిన్‌కి ఊపిరి అక్కర్లేదు, మన పిల్లలకి కావాలి. మంచి అరేంజర్, అంటే పాటని బ్యాండ్‌కి తగ్గట్టు తిరగరాసేవాడు, ఆ పరుగుని ఇద్దరు ముగ్గురికి పంచి, ఒకరు గాలి పీల్చుకునేలోపు ఇంకొకరు అందుకునేలా రాస్తాడు. నేను ఆర్డర్ ఇచ్చింది అలా రాసిన స్వరాల కాగితాల సెట్‌కి. డీలర్ పంపింది ఈజీ వెర్షన్. వేగం తగ్గించి, పరుగులన్నీ కోసేసి, ఫస్ట్ క్లారినెట్‌కీ సెకండ్ క్లారినెట్‌కీ ఒకే లైను రాసిపెట్టారు. అల్లం, పచ్చిమిర్చి లేని పెసరట్టు. ఫోన్ చేస్తే, అడిగిన సెట్ స్టాక్ లేదనీ, మిడిల్ స్కూల్ పిల్లలకి ఇది చాలనీ సమాధానం. మన పిల్లలు వాయించగా ఒక్కసారి కూడా విననివాళ్లు చెప్పే మాటా అది?

దాన్నే వాయించేస్తే మే కచేరీ మేలోనే అయిపోయేది. ఆ మాట మీలో కొందరు మెల్లగా అన్నారు కూడా. చాలా రాత్రులు అదే ఆలోచించాను. హాలు అడ్వాన్సు పోతుంది, ఇండియా టికెట్లు కొనుక్కున్నవాళ్లకి కోపం వస్తుంది. కానీ చలికాలమంతా ఆ పరుగుల కోసమే స్కేళ్లు సాధన చేసిన పిల్లల చేతిలో ఆ కాగితాలు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఎవరి స్కూల్ సెట్ అయినా జిరాక్స్ తీద్దామన్నారు ఒకరు. స్మెతానా 1884లోనే పోయారు, ఆయన సంగీతం మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. బ్యాండ్‌కి దాన్ని మళ్లీ రాసిన మనిషికి మాత్రం తన రాత మీద హక్కుంటుంది. జిరాక్స్ మా షాపులో జరగదు.

వేరేచోట పూర్తి సెట్ దొరికింది, డబ్బు కట్టేశాను. మీ ఫీజు పైసా పెరగదు. హాలు నష్టం నాదే. జూన్‌లో ఊళ్లో లేనివాళ్లు చెప్తే కచేరీ ఫీజు వెనక్కి ఇస్తాను. ఆ డీలర్ దగ్గర ఇక రీడ్ల (క్లారినెట్ మూతికి బిగించే పలచటి పట్టీల) పెట్టె కూడా కొనను. రీడ్లు వేరేచోట నుంచి తెప్పిస్తున్నాను, కొంచెం ఆలస్యమవుతాయి, ఇంట్లో రెండు ఎక్కువ ఉంచుకోండి.